మెట్ల కింద సిగరెట్టు, దొడ్లో నీళ్లకాగు: పై పోర్షనులోకి పొగ ఏ దారిన వస్తుంది?

ప్రశ్న: నెల్లూరు మూలపేటలో ఒక మేడింటి పై పోర్షనులో అద్దెకుంటున్నాం. కింద రెండు పోర్షన్లు. ముందు పోర్షను పెద్దాయన రోజూ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా మెట్ల కింద కూర్చుని మూడు నాలుగు సిగరెట్లు కాలుస్తారు. మెట్లు, మా వాకిలి, పడగ్గది తూర్పు వైపు. దొడ్డి, మా వంటిల్లు పడమర. వెనక పోర్షను వాళ్లు తెల్లారగట్ల దొడ్లో నీళ్లకాగు కింద మంట పెడతారు, ఆ పొగ వంటింట్లో నిండుతుంది. మా పాపకి అయిదేళ్లు, పిల్లికూతలు వస్తుంటాయి. కిటికీలన్నీ మూసి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించి రాత్రంతా వేస్తున్నా వాసన పోవడం లేదు. సాంబ్రాణి వేస్తున్నాం, దోమలకి కాయిల్ పెడుతున్నాం. ఓనరు చెన్నైలో ఉంటారు. గొడవ కాకుండా ఏం చేయాలి? పోలీసులకి చెప్పొచ్చా? ఇల్లు మారాల్సిందేనా?

జవాబు: అమ్మా, ముందు ఈ రాత్రికి ఒక పని చేయండి. తొమ్మిది గంటలకల్లా ఆ ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపేయండి. పడగ్గదిలోకి పొగను లాక్కొస్తున్నది చాలావరకు అదే.

ఫ్యాను ఎంత గాలిని బయటికి నెడితే అంత గాలి ఎక్కణ్ణుంచో ఇంట్లోకి రావాల్సిందే. ఆరంగుళాల చిన్న ఫ్యాను కూడా మూడు గదుల ఇంట్లో ఉన్న గాలినంతా గంటలో ఒకటి రెండుసార్లు బయటికి తోసేయగలదు. కిటికీలన్నీ మూశారు కాబట్టి ఇక మిగిలిన దారులు తలుపు కింద సందు, తలుపు మీద వెంటిలేటరు, బాత్‌రూము తూము, కరెంటు పైపులు దూరిన బెజ్జాలు. మెట్ల కింద వెచ్చగా లేచిన పొగ మెట్ల వెంబడే పైకి పాకి మీ వాకిలి దగ్గరికి చేరుతుంది. లోపల్నుంచి ఫ్యాను దాన్ని పీలుస్తుంది. కిటికీలు ఎంత బిగించి మూస్తే ఈ సందుల దగ్గర లాగుడు అంత ఎక్కువ. మీరు జాగ్రత్త పడేకొద్దీ వాసన ఎక్కువైనట్టు అనిపించి ఉంటే, అది మీ భ్రమ కాదు.

నమ్మకం కుదరకపోతే ఒక అగరబత్తితో చూసుకోండి. పాపను వేరే గదిలో ఉంచి, సీలింగు ఫ్యాన్లు ఆపి, ఎగ్జాస్ట్ వేసి, వెలిగించిన అగరబత్తిని తలుపు కింద సందుకి నాలుగు వేళ్ల ఎడంగా పట్టుకోండి. గాలి కదలని చోట పొగ దారంలా నిటారుగా లేస్తుంది. సందులోంచి గాలి వస్తుంటే ఆ దారం వంగి గదిలోకి పడుకుంటుంది. వెంటిలేటరు దగ్గర, బాత్‌రూము తూము మీద, స్విచ్‌బోర్డు అంచున, కిటికీ రెక్కలు కలిసే చోట ఇలాగే పట్టి, దారం వంగిన ప్రతి చోటా చాక్‌పీసుతో గీత పెట్టండి. తర్వాత ఎగ్జాస్ట్ ఆపి మళ్లీ ఒక చుట్టు తిరగండి. అప్పుడు కూడా దారం వంగుతున్న చోట్లు నిజంగా మూయాల్సినవి. తొమ్మిదంగుళాల ఇటుక గోడలోంచి పొగ రాదు, దాని గురించి దిగులొద్దు.

ఇక గాలి సంగతి. మీకు వచ్చే రెండు పొగలూ వేరువేరు వేళల్లో, వేరువేరు గాలి మీద వస్తున్నాయి. నెల్లూరు సముద్రానికి మరీ దూరం కాదు. ఎండ కాసిన రోజున మధ్యాహ్నం మొదలైన సముద్రపు గాలి చాలాసార్లు రాత్రి పొద్దుపోయేదాకా తూర్పు నుంచి, ఆగ్నేయం నుంచి వీస్తుంది. మెట్ల కింది సిగరెట్టు పొగను మీ పడగ్గది మీదికి తోసేది ఆ గాలే. తెల్లారగట్ల నేల చల్లబడి గాలి పడమర నుంచి సన్నగా కదులుతుంది, లేదా అసలు కదలదు. పైగా ఈ ఫిబ్రవరి ఉదయాల్లో నేల దగ్గరి గాలి చల్లగా, దాని పైన గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి పొగ పైకి లేవక ఇళ్ల ఎత్తునే పరుచుకుంటుంది. కాగు పొగ అందుకే వంటింట్లో తిష్ఠ వేస్తోంది. జూన్, జూలైలో పడమటి గాలి పగలంతా కొట్టేటప్పుడు లెక్క మారుతుంది, నవంబరు నుంచి ఈశాన్యపు గాలికి మళ్లీ మారుతుంది. వారం పాటు ఒక నోటు పుస్తకంలో వేళ, ఏ పొగ, ఏ గదిలో, గాలి ఎటునుంచి, ఏ కిటికీ తెరిచి ఉంది, ఫ్యాను ఉందా లేదా అని రాసి పెట్టండి. గాలి ఎటు వీస్తోందో డాబా మీద ఆరేసిన బట్టలు చూస్తే తెలిసిపోతుంది. ఈ పుస్తకం తర్వాత ఓనరుతో మాట్లాడేటప్పుడూ పనికొస్తుంది.

దీన్ని బట్టి రాత్రి తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా తూర్పు కిటికీ, వాకిలి మూసి, పడమటి వంటింటి కిటికీ తెరవండి. ఆ కిటికీ ముందు ఒక టేబుల్ ఫ్యాను పెట్టి, బయటి గాలిని లోపలికి తోసేలా ఇంటివైపు తిప్పండి. వంటింటికీ పడగ్గదికీ మధ్య తలుపు తెరిచే ఉండాలి. అప్పుడు ఇంట్లో గాలి కాస్త నిండుగా ఉండి, తూర్పు సందుల్లోంచి లోపలి గాలి బయటికి పోతుంది. అగరబత్తి పెట్టి చూస్తే దారం ఈసారి సందు వైపుకి వంగాలి. వంగకపోతే ఫ్యాను వేగం పెంచండి, లేదా ఫ్యాను చుట్టూ మిగిలిన కిటికీ ఖాళీని అట్టముక్కతో మూయండి. ఆ ఖాళీ వదిలేస్తే ఫ్యాను తోసిన గాలి అక్కణ్ణుంచే వెనక్కి పోతుంది. చాలామంది ఇక్కడే పొరబడి ఫ్యాను పనిచేయలేదంటారు.

తెల్లవారుజామున దీనికి తలకిందులు. పడమటి కిటికీ మూసి, తూర్పు కిటికీ దగ్గరికి ఫ్యాను మార్చాలి. గ్యాసు పొయ్యి వెలిగించాక ఎగ్జాస్ట్ వేసుకోవచ్చు, కానీ తూర్పు కిటికీ కనీసం ఒక అడుగు తెరిచి ఉంటేనే. ఇంకో సంగతి చూసుకోండి: ఎగ్జాస్ట్ ఆగి ఉన్నప్పుడు దాని బొరియ గోడకి తెరిచిన కన్నమే. కాగు పొగ అందులోంచి కూడా దూరుతుంది. ఫ్యాను వేస్తే తెరుచుకుని, ఆపితే వాటంతటవే పడిపోయే రెక్కల షట్టరు బయటివైపు బిగించమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. దాని రెక్కలకు నూనె జిడ్డు పట్టి సగంలో ఆగిపోతుంటాయి, నెలకోసారి సబ్బు నీళ్లతో తుడవాలి.

సందులు మూయడానికి ఓనరు గోడలు పాడుచేయక్కర్లేదు. వాకిలి కింద సందుకి తలుపుకి తొడిగే రబ్బరు పట్టీ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. దొరికేదాకా పాత చీరను పొడుగ్గా చుట్టి, కాస్త తడిపి పిండి అడ్డం పెట్టండి. తలుపు మీద వెంటిలేటరుకి మూడు మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటు కొలతకి కోయించి, చుట్టూ స్పాంజి టేపు వేసి, నాలుగు మూలలా చిన్న క్లిప్పులతో పట్టించండి. వెలుతురు వస్తుంది, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఊడదీసుకుపోవచ్చు. టేపు అంటించే ముందు చెక్క మీద దుమ్మూ జిడ్డూ స్పిరిట్‌తో తుడవకపోతే మన ఎండలకి పది రోజుల్లో ఊడొస్తుంది. కరెంటు పైపుల బెజ్జాలకి పుట్టీ చాలు. బాత్‌రూము తూము కింద ఉండే ట్రాపులో రెండంగుళాల నీరు నిలిచి ఉండాలి. ఆ నీరే కింది పైపుల గాలిని ఆపేది. వాడని బాత్‌రూములో అది ఆవిరైపోతుంది, కాబట్టి రెండు మూడు రోజులకోసారి రెండు చెంబుల నీళ్లు పోయండి.

మూయకూడనివి కూడా ఉన్నాయి. గ్యాసు సిలిండరు ఉన్న గదిలో నేల దగ్గరున్న వెంటిలేటరు జోలికి పోవద్దు. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే కిందకే చేరుతుంది, పోవడానికి కింద దారి ఉండాలి. బాత్‌రూములో గ్యాసు గీజరు ఉంటే ఆ గది వెంటిలేటరు ఎప్పుడూ మూయొద్దు. వాసన రాని కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. ఇంట్లో ఏదో ఒక శుభ్రమైన వైపు ఎప్పుడూ తెరిచే ఉంచండి.

కాయిల్, సాంబ్రాణి ఈ రోజే మానేయండి, పాప ఉన్న ఇల్లు కాబట్టి గట్టిగా చెప్తున్నాం. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది. కిటికీలు మూసిన గదిలో మీ కాయిల్ పొగ, కింది పెద్దాయన పొగకన్నా పాపకి ఎక్కువ చేటు చేస్తూ ఉండొచ్చు. దోమతెర కట్టండి, తెరిచే కిటికీకి మెష్ వేయండి. అయితే మెష్ దోమను ఆపుతుంది తప్ప పొగను ఆపదు. సిగరెట్టు పొగ రేణువు చాలావరకు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నది, తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. సాంబ్రాణి వాసనను కప్పుతుందే గాని పొగను తగ్గించదు, పైగా ఇంకో పొగ కలుపుతుంది. రూమ్ స్ప్రేలు కూడా ఇంతే.

ఎయిర్ ప్యూరిఫయరు కొనాలా అంటే, పైవన్నీ చేశాక కూడా పాప గదిలో వాసన మిగిలితేనే. హెపా ఫిల్టరు రేణువుల్ని పడుతుంది, వాసనను, విషవాయువుల్ని పట్టదు. దానికి గుళికల రూపంలో బరువుగా ఉన్న యాక్టివేటెడ్ కార్బన్ కావాలి. పల్చటి నల్ల స్పాంజి పొర ఉన్నవి కొద్ది వారాల్లో నిండిపోతాయి. పది అడుగులకు పన్నెండు అడుగుల గది, పది అడుగుల ఎత్తు అయితే గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకు అయిదుసార్లు వడకట్టాలంటే డబ్బా మీద సీఏడీఆర్ (గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేస్తుందో చెప్పే అంకె) 170కి తక్కువ ఉండకూడదు. ఓజోన్ వదిలేవి, అయానైజరు అని అమ్మేవి పిల్లికూతలున్న పాపకి వద్దు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. కింద కూర్చున్నాయనకి పొగ మీ గదిలోకి వస్తున్నట్టు తెలిసి ఉండకపోవచ్చు. ఇంట్లోవాళ్లకి ఇబ్బంది కాకూడదనే బయటికొచ్చి మెట్ల కింద కూర్చుంటూ ఉండొచ్చు కూడా. సిగరెట్టు చేతిలో ఉన్నప్పుడు మాట్లాడకండి, నలుగురి ముందు అడగకండి, ఇంటి వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి. పగటిపూట, మీ వారు కూడా ఉన్నప్పుడు, వాళ్ల ఇంటావిడ ఎదురుగానే చెప్పండి. "మానేయండి" అంటే మాట అక్కడే తెగిపోతుంది. చోటు మార్చమని అడగండి, ఆ చోటు మీరే చూపించండి: "పెదనాయనా, పాపకి రాత్రిళ్లు ఆయాసం వస్తా ఉంది. మెట్ల కింద కాలిస్తే పొగ నేరుగా మా గదిలోకే ఎక్కతా ఉంది. మీరేమీ అనుకోకపోతే ఆ వాయవ్యం మూల ప్రహరీ కాడ కుర్చీ వేస్తా, అక్కడ కూర్చుంటారా?" రాత్రి గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది కాబట్టి వాయవ్యం మూల పొగ ఇంటిని తాకకుండా అవతలికి పోతుంది. అయితే ఆ మూల మీరు తెరిచే పడమటి కిటికీకి మరీ దగ్గర కాకూడదు, ఇరవై అడుగులైనా ఉండాలి. అంత చోటు లేకపోతే గేటు బయట రోడ్డు పక్కన అడగండి. ఒక కుర్చీ, ఇసుక పోసిన డబ్బా మీరే అక్కడ పెట్టండి, మనిషికి కూర్చునే చోటు కుదిరితే అలవాటు అక్కడికే మారుతుంది. రెండు రోజులు పాటించి మూడో రోజు వాన పడ్డప్పుడు మళ్లీ మెట్ల కిందికి రావడం మామూలే. అప్పుడు ఇంకోసారి నెమ్మదిగా గుర్తుచేయండి. ఆయనకే మానాలని ఉంటే పొగాకు మానేవాళ్ల కోసం కేంద్రం నడిపే ఉచిత నంబరు 1800 11 2356 ఉంది. ఆయన అడిగితేనే చెప్పండి.

కాగు సంగతి వేరు. అది వాళ్లకి సరదా కాదు, ఖర్చు తప్పించుకునే దారి. ఇరవై లీటర్ల బకెట్టు నీళ్లు స్నానానికి సరిపడా కాగాలంటే 1500 వాట్ల హీటరు రాడ్డుకి సుమారు ఇరవై నిమిషాలు, అర యూనిట్ కరెంటు. నలుగురుంటే నెలకి అరవై యూనిట్లు. ఉచితంగా దొరికే తుమ్మకంప మానేసి బిల్లు కట్టమనడం న్యాయం కాదు. మంటను మార్చమనండి, చోటు మార్చమనండి. పచ్చి కంప, తడిసిన కట్టె మంటలో ముందు నీటిని ఆవిరి చేయాలి, అందుకే అంత పొగ. కొట్టి చీల్చి, కింద ఇటుకలు వేసి, పైన రేకు కప్పి నెలల తరబడి ఎండబెట్టిన కట్టె పొగ బాగా తక్కువ ఇస్తుంది. పాల ప్యాకెట్లు, కవర్లతో రాజేస్తుంటే అది మొదట మానాలి, ఎండిన కొబ్బరి పీచు చాలు. కట్టెలు కుక్కితే కింద గాలి ఆడదు, సన్నగా చీల్చి రెండు మూడే పెట్టాలి. నీళ్లు కాగాక కట్టెలు లోపలే వదిలేస్తే గంటసేపు రగులుతూ పొగ వస్తుంది, బయటికి లాగి ఆర్పాలి.

పొగగొట్టం పెట్టిద్దామని ఎవరైనా అంటే జాగ్రత్త. ఆరేడు అడుగుల గొట్టం పెడితే కింది పోర్షనుకి హాయి, మీకు నరకం. పొగ సరిగ్గా మీ కిటికీ ఎత్తుకి అందుతుంది. గొట్టం పెడితే పై డాబా పిట్టగోడ దాటి మూడు అడుగులు లేవాలి, అంటే పాతిక అడుగులకి తక్కువ కాదు. నాలుగంగుళాల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) గొట్టమే వాడాలి, పీవీసీ వేడికి కరిగిపోతుంది. వంపులు రెండు దాటితే పొగ లాగదు. ఈ ఖర్చు ఓనరు భరిస్తేనే ఆలోచించండి. దానికన్నా కాగును ఇంటి గోడకి దూరంగా, దొడ్డి చివరి మూలకి మార్చడమే మంచిది. నాలుగు ఇటుకలు మోయడం మీ వారు సాయం చేస్తే పని అయిపోతుంది. పైగా ఎండలు ముదిరితే చాలా ఇళ్లలో కాగు దానంతటదే ఆగుతుంది, ఇది ఏడాది పొడుగునా ఉండే బాధ కాకపోవచ్చు.

పోలీసుల మాట: పొగాకు ఉత్పత్తుల చట్టం 2003 ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా ఉంది. అది ఆస్పత్రులు, ఆఫీసులు, హోటళ్లు, బస్టాండ్ల వంటి చోట్లకి. ఒకరి ఇంట్లో, ఇంటి ఆవరణలో కాల్చే సిగరెట్టుకి దాన్ని పట్టుకుని స్టేషనుకి వెళ్తే మీకు దక్కేది శత్రుత్వమే. చెత్త తగలబెట్టడం దీనికి పూర్తిగా వేరు. ఎవరైనా వీధిలోనో ఖాళీ స్థలంలోనో చెత్త, ప్లాస్టిక్ కాలిస్తే అది నిషేధం. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లో దానికి 5,000 రూపాయల జరిమానా అన్నది. అటువంటిదైతే ఫొటో తీసి మీ వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శికి ఇవ్వండి, కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. హోటలు, బట్టీ లాంటి వ్యాపారపు పొగ అయితే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం 152వ సెక్షన్ కింద ఆర్డీవో దాన్ని తొలగించమని ఆదేశించగలరు. మీ ఇంటి రెండు పొగలకీ ఇవేవీ అక్కర్లేదు.

ఓనరుకి ఫోనులో గోడు చెప్పుకుంటే "సర్దుకోండమ్మా" అని పెట్టేస్తారు. మూడు అడగండి, మెసేజీలో రాసి పంపండి: కాగు మూలకి మార్చమని వెనక పోర్షనుకి ఆయన నోటితో ఒక మాట, మెట్ల కింద కాల్చొద్దని ముందు పోర్షనుకి ఒక మాట, ఎగ్జాస్ట్ షట్టరు, యాక్రిలిక్ షీటు బిగించుకోవడానికి మీకు అనుమతి. దానితోపాటు నోటు పుస్తకంలో వారం రోజుల పేజీ ఫొటో పెట్టండి.

పాప విషయంలో మాత్రం ఎవరి జవాబు కోసమూ ఆగొద్దు. డాక్టరు రాసిన ఇన్‌హేలరు, దానికి తగిలించే స్పేసరు గొట్టం మంచం పక్కనే ఉండాలి. పొగ వచ్చిన రాత్రులు, పిల్లికూతలు వచ్చిన రాత్రులు అదే నోటు పుస్తకంలో పక్కపక్కన రాసి ఈసారి డాక్టరుకి చూపించండి, మందు మార్చాలో వద్దో ఆయనకి దాన్ని బట్టి తెలుస్తుంది. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలం తిరిగినా వెంటనే 108కి ఫోను చేయండి.

ఇల్లు మారడం నెల రోజులు ఇవన్నీ చేశాక ఆలోచించండి. కింది వాళ్లు చోటు మార్చాక కూడా పాపకి పిల్లికూతలు తగ్గకపోయినా, లేదా వాళ్లు అసలు మాట వినకపోయినా, అప్పుడు ఆలస్యం చేయొద్దు. అగ్రిమెంటులో వేరే గడువు రాసుకోకపోతే నెలసరి అద్దెకి పదిహేను రోజుల ముందు నోటీసు చాలు. అడ్వాన్సు తిరిగి ఇచ్చే తేదీ మెసేజీలో రాయించుకోండి. కొత్త ఇల్లు చూడ్డానికి బ్రోకరు మధ్యాహ్నం తీసుకెళ్తాడు, ఆ వేళ ఏ ఇంట్లోనూ పొగ ఉండదు. మీరు తెల్లారి ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వెళ్లండి. వంటింటి కిటికీ పైన సన్‌షేడ్ అడుగు చూడండి, మసి ఉంటే కింద పొయ్యి ఉన్నట్టే. మెట్ల కింద సిగరెట్టు పీకలు, గోడకి నిప్పు నులిమిన నల్ల మచ్చలు ఉన్నాయేమో చూడండి. బాత్‌రూము వెంటిలేటరు పక్కింటి వంటింటి ఫ్యానుకి ఎదురుగా ఉంటే వద్దనుకోండి. అన్నీ నచ్చితే అగ్రిమెంటులో "మెట్లు, వరండా వంటి ఉమ్మడి చోట్ల పొగ తాగరాదు, కట్టెల మంట పెట్టరాదు" అన్న వాక్యం మిగతా పోర్షన్ల అగ్రిమెంట్లలో కూడా ఉందో లేదో ఓనరును అడిగి, అడ్వాన్సు ఆ తర్వాత ఇవ్వండి.